రహీం సాబ్ కన్ను, పీఈటీ సారు స్టాప్‌వాచ్

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ సర్కారు బడిలో చదివినవాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. మండల కేంద్రం హైస్కూలు గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు వచ్చి వరసగా కూచుంటారు. కొందరి కాళ్ళకి బూట్లు, కొందరికి చెప్పులు, కొందరికి ఏమీ ఉండవు. పీఈటీ సారు మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్‌లో నాలుగో తరగతి సీటు కోసం సెలక్షన్లు. ఇక్కడ నెగ్గితే జిల్లాకి, అక్కడ నెగ్గితే రాష్ట్రానికి. ఆఖర్న కొద్దిమందికి హాస్టలు, తిండి, చదువు, కోచింగ్ అన్నీ ఉచితం. ఒక కూలి కుటుంబానికి అది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

పెట్టే పరీక్షలని బ్యాటరీ టెస్టులు అంటారు. ఎత్తు, బరువు చూస్తారు. ఫ్లయింగ్ స్టార్ట్‌తో ముప్పై మీటర్ల పరుగు, నిలబడిన చోటునుంచి ముందుకి దూకడం, నిలబడే పైకి ఎగరడం, పది మీటర్ల దూరాన్ని ఆరుసార్లు అటూ ఇటూ పరిగెత్తే షటిల్ రన్, కిలో బరువున్న మెడిసిన్ బాల్ విసరడం, ముందుకి వంగి చేతులు ఎంతదాకా అందుతాయో చూడటం, చివర్లో అందరూ భయపడే 800 మీటర్లు. గమనించండి, ఇందులో ఏ ఆటా లేదు. కబడ్డీ లేదు, ఫుట్‌బాల్ లేదు, ఖోఖో లేదు. ఆట తర్వాత నేర్పుకోవచ్చు, ముందు ఒళ్ళు చూడాలి అనేది దీని వెనకున్న నమ్మకం.

ఆ నమ్మకం ఎంతవరకు నిజం? ఎనిమిదేళ్ళ పిల్ల ముప్పై మీటర్లు ఎంతసేపట్లో పరిగెత్తిందో చూసి, ఇరవై రెండేళ్ళకి ఆ పిల్ల ఏమవుతుందో చెప్పగలమా? నేను రోజూ డేటాతో పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పైగా నేనూ ఒకప్పుడు ఆ సున్నపు గీత వెనక నిలబడ్డవాణ్ణే. (800 మీటర్లలో రెండో రౌండుకే కడుపులో నొప్పని కూలబడ్డాను. ఆ రోజు సారు తీసుకున్న నిర్ణయం నూటికి నూరుపాళ్ళు సరైనది.)

ఈ పరీక్షలు మనకి ఎలా వచ్చాయో ముందు చెప్పుకోవాలి. 1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ అయ్యాక, 1984లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ మరుసటేడు చిన్నపిల్లల్లోంచే ఆటగాళ్ళని ఏరే నేషనల్ స్పోర్ట్స్ టాలెంట్ కాంటెస్ట్ అనే పథకం మొదలైంది. అప్పట్లో ప్రపంచం కళ్ళన్నీ తూర్పు జర్మనీ మీద ఉండేవి. చిన్న దేశం, పతకాలు మాత్రం బుట్టలకొద్దీ. అక్కడ బడి పిల్లల్ని కొలిచి, ఏరి, ప్రత్యేక క్రీడా పాఠశాలల్లో పెంచేవాళ్ళు. దాంతోపాటు వాళ్ళు పిల్లలకి మందులు కూడా ఎక్కించారని గోడ కూలిన తర్వాతగానీ లోకానికి పూర్తిగా తెలియలేదు. టేపూ స్టాప్‌వాచూ పట్టుకుని పిల్లల్ని కొలిచే ఆలోచన మాత్రం అన్ని దేశాల్లాగే మనమూ తీసుకున్నాం. హకీంపేట బడి 1993లో మొదలైంది. తెలుగునేల మీద ఈ కొలతని పల్లెల దాకా తీసుకెళ్ళింది ఆ బడే.

ఈ కొలతలు భవిష్యత్తు చెప్తాయా అన్నదాన్ని బాగా లెక్కలు వేసి చూసింది అమెరికావాళ్ళు. వాళ్ళు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని ఒకళ్ళమీద ఒకళ్ళు పడే ఆట. కాలేజీలో ఆడినవాళ్ళని ప్రొఫెషనల్ జట్లు వరసపెట్టి ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. దానికి ముందు మూడొందల మందికి పైగా కుర్రాళ్ళని ఒకచోట చేర్చి పరీక్షలు పెడతారు. 1987 నుంచి అది జరుగుతున్నది ఇండియానాపొలిస్‌లో. నలభై గజాల పరుగు, పైకి ఎగరడం, నిలబడి ముందుకి దూకడం, షటిల్ రన్. మా మండలం గ్రౌండులో పెట్టేవి దాదాపు అవే! అక్కడ కోట్ల డాలర్లు, ఇక్కడ హాస్టల్ సీటు, అంతే తేడా.

2008లో కుజ్మిట్స్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1999 నుంచి 2004 దాకా ఆ పరీక్షలు రాసిన, సారీ, పరిగెత్తిన మూడు స్థానాల ఆటగాళ్ళ లెక్కలు తీశారు. పరీక్షలో వచ్చిన అంకెలకీ, తర్వాత ప్రొఫెషనల్ ఆటలో వాళ్ళు సాధించినదానికీ నిలకడైన సంబంధం కనిపించలేదు. ఒక్క మినహాయింపు: బంతి పట్టుకుని దూసుకుపోవడమే పనిగా ఉండే రన్నింగ్ బ్యాక్‌లకి పరుగు వేగం కొంత పనికొచ్చింది. అది సహజమే, వాళ్ళ పనే పరుగు కదా.

అందరూ చెప్పే ఉదాహరణ టామ్ బ్రేడీది. 2000లో అతను నలభై గజాలకి 5.28 సెకన్లు తీసుకున్నాడు. ఆ ఆటలో అది నత్తనడక. 199వ వాడిగా ఎంపికై, చివరికి ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. 2017లో జాన్ రాస్ అదే దూరం 4.22 సెకన్లలో పరిగెత్తి రికార్డు పెట్టాడు. తొమ్మిదోవాడిగా ఎంపికయ్యాడు, గాయాలతో కొట్టుమిట్టాడి తెరమరుగయ్యాడు. ఇంతకంటే సూటిగా చెప్పాలంటే ఉసేన్ బోల్ట్ ఉన్నాడు. వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన మనిషి. 2018లో ఆస్ట్రేలియాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుతో, ఈసారి మన ఫుట్‌బాలే, వారాల తరబడి సాధన చేశాడు. ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో రెండు గోల్స్ కూడా కొట్టాడు. కాంట్రాక్టు మాత్రం కుదరలేదు.

ఇక్కడితో ఆగి, చూశారా, కొలతలన్నీ దండగ అనేయొచ్చు. చాలామంది అంటారు కూడా. కానీ ఆ లెక్కలో ఒక కిటుకుంది. ఎంసెట్‌లో మొదటి వెయ్యి ర్యాంకులవాళ్ళనే తీసుకునే కాలేజీ ఒకటి ఉందనుకోండి. ఆ కాలేజీలోపల ఎవరు మంచి ఇంజనీరు అవుతారో ర్యాంకుని బట్టి చెప్పలేం. యాభయ్యో ర్యాంకువాడు సోమరి కావచ్చు, తొమ్మిదొందల ర్యాంకు అమ్మాయి అద్భుతంగా పనిచేయొచ్చు. అంతమాత్రాన లెక్కలు రావడానికీ ఇంజనీరింగుకీ సంబంధం లేదని కాదు. లెక్కలు రానివాళ్ళు ఆ గేటు దాటి లోపలికే రాలేదు, అందుకని లోపలున్నవాళ్ళ మధ్య తేడా చిన్నదైపోయి మన కంటికి ఆనదు. ఇండియానాపొలిస్‌కి వచ్చినవాళ్ళంతా ముందే వేగం, బలం ఉన్నవాళ్ళు. బ్రేడీ నెమ్మది అంటే వాళ్ళలో నెమ్మది, మనలో కాదు.

ఎనిమిదేళ్ళ పిల్లల విషయంలో ఆ వడపోత ఇంకా జరగలేదు. వాళ్ళలో అన్ని రకాలవాళ్ళూ ఉంటారు. కాబట్టి అమెరికా లెక్కని తెచ్చి మన పిల్లలకి అతికించకూడదు. మన పిల్లల దగ్గర చిక్కు వేరే ఉంది. దాని సంగతికి ముందు, ఏ టేపూ వాడకుండా ఆటగాళ్ళని ఏరిన ఒక మనిషి గురించి చెప్పాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు. ‘మైదాన్’ సినిమా వచ్చిన తర్వాత ఆ పేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో పడింది గానీ, అంతకు ముందు మా తరానికి ఆయనెవరో తెలియదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి ఆయన కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆయన నడిపిన భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం దాన్ని మళ్ళీ అందుకోలేదు.

సిటీ పోలీస్‌లో చేరడమంటే ఆటతోపాటు కొలువు. పేదింటి కుర్రాడికి అదే డ్రాఫ్ట్ అనుకోండి. ఆ డ్రాఫ్ట్ జరిపింది రహీం సాబ్ కన్ను. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంట్లో పడింది అక్కడి స్థానిక మ్యాచుల్లోనే. బూట్లు కొనుక్కోడానికి కూడా ఇబ్బందిపడ్డ కుటుంబం ఆ అబ్బాయిది. ఇరవై ఏళ్ళు నిండీ నిండకుండా మెల్‌బోర్న్ వెళ్ళాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్లో కన్నుమూశాడు. మన దగ్గర ఎన్ని పత్రికలు ఆయన గురించి రెండు పేజీలు రాశాయో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అది వేరే బాధ.

రహీం ఒంటి దారుఢ్యాన్ని పట్టించుకోలేదని కాదు. ఆయన కుర్రాళ్ళు చివరి నిమిషం దాకా పరిగెత్తేవాళ్ళు. కానీ ఆయన పెట్టిన పరీక్షలు ఆటలోపలి పరీక్షలు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అంటే బంతి వచ్చేలోపలే ఎవరెక్కడున్నారో చూసి ఉండాలి. ఇంకో టోర్నమెంటులో వాటం లేని కాలితోనే ఆడాలి. ఇలాంటివాటిలో ముప్పై మీటర్లు ముందు చేరేవాడు కాకుండా, ముందు చూసేవాడు బయటపడతాడు. ఫుట్‌బాల్‌లో మనం వేగం అని మురిసిపోయేదాంట్లో చాలా భాగం కాళ్ళది కాదు, అర సెకను ముందే బయల్దేరిన బుర్రది. నిశ్శబ్దంగా ఉన్న గ్రౌండులో సున్నపు గీత మీద ఒంటరిగా పరిగెత్తే పిల్లలో దాన్ని ఏ వాచీ పట్టుకోలేదు.

1962 జకార్తా సంగతి తలచుకుంటే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. జర్నైల్ సింగ్ డిఫెండరు. అంతకు ముందు మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఏ డాక్టరు చూసినా, ఏ టెస్టు పెట్టినా పక్కన కూచోబెట్టాల్సిన మనిషి. రహీం అతన్ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద ఇంకో గోల్ అతనే కొట్టాడు. ఇండియా 2-1తో గెలిచింది. అదే ఫైనల్‌కి, జ్వరపడి లేచిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ని మళ్ళీ గోల్‌లో నిలబెట్టారు. ఆ తంగరాజ్ కూడా మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి తర్వాత గోల్‌కీపర్ అయినవాడే. ఆ టోర్నమెంటు నాటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో పోయారు.

ఇంత గొప్ప కన్నుకి ఒక హద్దు ఉంది. అది ఎక్కడ తిరిగితే అక్కడే చూస్తుంది. రహీం సాబ్ హయాములో వెలిగిన హైదరాబాదీ ఆటగాళ్ళ ఊళ్ళు చూడండి. పాతబస్తీ, కంటోన్మెంటు, పోలీసు లైన్లు, సికిందరాబాదు మిలటరీ బస్తీలు. మిలటరీ ఉన్నచోట బంతి ఉంది, బంతి ఉన్నచోట మ్యాచ్ ఉంది, మ్యాచ్ ఉన్నచోటికి రహీం వచ్చారు. అదే కాలంలో, అదే హైదరాబాద్ రాష్ట్రంలో, నల్లగొండ జిల్లా సాయుధ పోరాటం నుంచి అప్పుడే తేరుకుంటోంది. పాలమూరు కరువుతో సగం ఖాళీ అయి, మట్టిపనికి దేశమంతా తిరుగుతోంది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ చెమట ఉందంటారు. పదిహేనేళ్ళ కుర్రాడు పొద్దంతా తట్ట మోసి కట్ట ఎక్కీ దిగీ చేశాడంటే వాడి గుండె, కాళ్ళు ఎలాంటివో ఊహించండి. వాణ్ణి చూసే కోచ్ ఆ కట్టమీదికి రాడు కదా.

అందుకే నాకు స్టాప్‌వాచ్ మీద పూర్తిగా కోపం రాదు. రహీం సాబ్ రాని మండలానికి అది వచ్చింది. పీఈటీ సారుకి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, అంకె రాయడం వస్తే చాలు. సర్పంచ్ కొడుకైనా, జీతగాడి కూతురైనా ముప్పై మీటర్లు ముప్పై మీటర్లే. ‘కన్ను’ అని మనం మురిపెంగా చెప్పేదానికి కులం, చుట్టరికం, సిఫారసు ఇట్టే అంటుకుంటాయి. అందరూ రహీంలు కారు.

మరి అంకెకి ఏమీ అంటుకోదా? చాలా అంటుకుంటాయి. మొదటిది వయసు. కెనడాలో 1985లో బార్న్‌స్లీ బృందం జూనియర్ ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టినరోజులు చూస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలవాళ్ళే ఎక్కువ తేలారు. వయసు లెక్కకి జనవరి ఒకటి హద్దు కాబట్టి, ఆ నెలల్లో పుట్టినవాళ్ళు తమ జట్టులో కొన్ని నెలలు పెద్ద. ఎనిమిదేళ్ళప్పుడు పది నెలలంటే జీవితంలో పదో వంతు! వాళ్ళు పెద్దగా ఉన్నారు కాబట్టి ఎంపికయ్యారు, ఎంపికయ్యారు కాబట్టి కోచింగ్ దొరికింది, దాంతో నిజంగానే బాగా ఆడారు. మన దగ్గర ఇంకో తమాషా ఉంది. మా తరం సర్టిఫికెట్లు తీసి చూడండి, సగం మంది జూన్‌లో పుట్టారు. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు ఐదేళ్ళు నిండేట్టు వేసిన తేదీ అది. నా పుట్టినరోజూ జూన్‌లోనే. మా అమ్మ మాత్రం నేను వరికోతలప్పుడు పుట్టానంటుంది. సున్నపు గీత మీద పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు ‘ఎనిమిదేళ్ళ’ పిల్లల మధ్య ఏడాదిన్నర తేడా ఉంటే, వాచీ కొలిచింది ప్రతిభనా, వయసునా?

రెండోది నీళ్ళు. ఇది నల్లగొండవాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు తరతరాల్ని వంచేసింది. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అంటారు, అక్కడి చాలా బోర్లలో దానికి ఎన్నో రెట్లుండేది. పటిక, సున్నం వేసి ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది అలా. ఎముకల ఫ్లోరోసిస్ ఉందేమో అని ఊళ్ళల్లో చూడటానికి డాక్టర్లు పెట్టే తేలికపాటి పరీక్షలు మూడు. గడ్డం ఛాతీకి ఆనించమంటారు. చేతులు చాపి మడిచి తల వెనక పట్టుకోమంటారు. మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగి నేలమీద నాణెం తీయమంటారు.

ఆ మూడోది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. మోకాళ్ళు వంచకుండా ముందుకి వంగడం! బ్యాటరీ టెస్టుల్లో ఫ్లెక్సిబిలిటీ అని పెట్టేదీ అదే భంగిమ. ఒకే కదలిక. ఒకచోట డాక్టరు అది చూసి ఈ ఊరి నీళ్ళు బాగాలేవు అని రాసుకుంటాడు. ఇంకోచోట సారు అది చూసి ఈ పిల్లాడికి మార్కు లేదు అని రాసుకుంటాడు. చిన్నపిల్లల్లో ఎముకలు బిగుసుకునేంత జబ్బు పెద్దవాళ్ళలో అంత ఎక్కువగా కనపడకపోయినా, కాళ్ళు వంకరపోయిన పిల్లల్ని ఆ ఊళ్ళు చూశాయి. కృష్ణనీళ్ళు కుళాయిల్లో వచ్చాక కొత్త తరం పరిస్థితి మారింది. కానీ 1990లలో, నేను పరిగెత్తలేక కూలబడ్డ ఆ రోజుల్లో, నా పక్కన నిలబడ్డవాళ్ళలో ఎంతమంది సెకన్లలో వాళ్ళ ఊరి బోరు కలిసి ఉందో ఇప్పుడెలా విడదీస్తాం?

మూడోది రిజిస్టరు. సెలక్షన్ కబురు బడి ద్వారా వస్తుంది. అమ్మానాన్నలతో పూణేకో బొంబాయికో వలసపోయిన పాలమూరు పిల్ల పేరు బడి రిజిస్టరులో ఉండదు. ఆ పిల్ల ఏ పరీక్షలోనూ తప్పలేదు. ఏ లెక్కలోనూ ఆమె కనపడదు. పరిశోధకులు రేపు ఎప్పుడైనా హకీంపేట లెక్కలు తీసి, టెస్టుకీ విజయానికీ ఇంత సంబంధం ఉందని తేల్చినా ఆ పిల్ల అందులో ఉండదు.

నా అభిప్రాయం అడిగితే, కొలతని గేటుగా వాడొచ్చు, నిచ్చెనగా వాడకూడదు. పోలీసు రిక్రూట్‌మెంట్ దీనికి మంచి ఉదాహరణ. 2022 నోటిఫికేషన్‌లో సివిల్ కానిస్టేబుల్‌కి మగవాళ్ళు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలన్నారు. ఆరు నిమిషాలకే వచ్చినవాడు ఏడు నిమిషాలకి వచ్చినవాడికంటే మంచి పోలీసు అని ఎవరూ అనలేదు. దాటితే చాలు, మిగతాది వేరే చూస్తారు. రహీం సాబ్ జట్టు కూడా పోలీసు జట్టే కావడం నాకు సరదాగా అనిపిస్తుంది.

ఆటని బట్టి కూడా మారుతుంది. పరుగు పందెంలో వాచీయే ఆట. వరంగల్ వైపు కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 మేలో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమె విషయంలో సెకన్లు అబద్ధం చెప్పే వీలే లేదు. అయినా ఆ సెకన్లు ఎవరైనా కొలవాలంటే ముందు ఒక కోచ్, నాగపురి రమేష్, స్కూల్ మీట్‌లో ఆమెని చూసి ఆగాల్సి వచ్చింది. ఊళ్ళో వాళ్ళు వెక్కిరించిన పిల్లలో ఆయనకి పరుగు కనపడింది. కన్ను జిల్లాకి వెళ్తే ఏమవుతుందో చూడండి.

పోయిన ఏడాది ఊరికి వెళ్ళినప్పుడు, రిటైరవబోతున్న ఒక పీఈటీ సారుని ఇదంతా అడిగాను. ఆయన నవ్వి, “టెస్టులు పొద్దున పదింటికల్లా అయిపోతయి. బస్సు మధ్యాహ్నం రెండింటికి. ఆ నాలుగు గంటలు పోరగాళ్ళు ఊకె కూసోరు గదా, ఏదో ఒకటి ఆడుతనే ఉంటరు. అసలు జూడాల్సింది గప్పుడు” అన్నారు. మరి చూసి ఏం చేస్తారు సార్ అన్నాను. “ఏం జేస్త? ఫారమ్ పొద్దున్నే నింపి పంపిచ్చేస్తం గదా” అని, గ్రౌండు చివర్న చింతచెట్టు కింద ఆడుతున్న పిల్లల వైపు తిరిగి, బంతి రోడ్డుమీదికి పోనీయొద్దని కేకేశారు.